పడుకున్న అన్నం

మా కోడలు నిన్న వంటింటి మూల తరవాణి కుండ పెట్టింది. ఫోనులో ఎవరో డాక్టరు చెప్పాడట, పులిసిన గంజి కడుపుకి మహా మంచిదని. "అత్తయ్యా, మీ వైపుదే కదా, ఒకసారి చూసి బాగుందో లేదో చెప్పండి," అంది. మనవడు ముక్కు మూసుకుని "దాదీ, బద్‌బూ ఆ రహీ హై" అంటూ పారిపోయాడు. వాడికి మనం తెలుగులో చెబితే హిందీలో జవాబిస్తాడు. నేను మూత తీయలేదు. బాగానే ఉంటుందిలే అని చెప్పి వరండాలోకి వచ్చి కూర్చున్నాను. కుండలో అన్నం పులిసే వాసన తగిలితే నాకు ఊపిరాడదు. ఈ వయసు వచ్చినా పోలేదు. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలీదు. మా అమ్మకి ఒక్కర్తెకే తెలుసు, ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

ఆ రోజుల్లో మేము హిందీవాళ్ళ దేశంలో ఉక్కు కర్మాగారం ఉన్న ఊరికి తూర్పు కొసన, బారిడీహ్ పేట కూడా దాటాక, వరసగా కట్టిన పెంకుటిళ్ళ లైనులో ఉండేవాళ్ళం. లైనంతా మావాళ్ళే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కర్మాగారంలో పనికి వచ్చినవాళ్ళు. పొద్దున్నే పది ఇళ్ళ ముందు పది బొగ్గుల పొయ్యిలు ఒక్కసారి పొగ కక్కేవి. ఆ పొగలోనే పళ్ళు తోముకోవడం, ఆ పొగలోనే జడలు వేయించుకోవడం. కర్మాగారం మొదటి కూతకి నాన్న చద్దన్నం ముందు నుంచి లేచేవాడు. రెండో కూత వినపడేసరికి ఆయన సైకిలు మలుపు తిరిగిపోయేది.

పొయ్యి పక్కన అమ్మ తరవాణి కుండ ఉండేది. పెళ్ళయి వస్తున్నప్పుడు పుట్టింటి తరవాణి ఒక చెంబుడు రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. ఆ చెంబుడే తోడై అన్నేళ్ళు నడిచింది. రోజూ వార్చిన గంజి అందులో పొయ్యాలి. గుప్పెడు అన్నం, రెండు ఉప్పుకల్లు, ఒక నిమ్మాకు వెయ్యాలి. ఎండాకాలం నాన్న కొలిమి దగ్గర నుంచి మాడి మసై వచ్చి నిలబడే ఒక చెంబుడు తాగేవాడు. అప్పుడు గానీ ఆయన నోట మాట వచ్చేది కాదు. "కుండ ఎండిపోతే ఇల్లు ఎండిపోయినట్టేనే గుంటా," అని అమ్మ నాకు నూరిపోసింది. నాకు తొమ్మిదో ఏడు రాగానే ఆ కుండ నాకు అప్పగించింది. కుండల గురించి నాకు తెలియంది లేదనే పొగరు అప్పటి నుంచే మొదలైంది.

మా లైను వెనక నుయ్యి, నుయ్యి దాటితే హో అనే ఆదివాసుల బస్తీ. మా కంటే, కర్మాగారం కంటే, అసలు ఊరి కంటే ముందు నుంచీ ఆ నేల మీద ఉన్నవాళ్ళు. మట్టి గోడల్ని చేత్తో ఎంత నున్నగా అలికేవారంటే, వీపు ఆన్చి కూర్చుంటే చల్లగా ఉండేది. ఆ బస్తీలో మొదటి ఇల్లు బుడియమ్మది. బుడియా అంటే ముసలిదని. ఉత్త బుడియా అంటే బాగుండదని మా లైనువాళ్ళు దానికి అమ్మని తగిలించారు. మాకు పుల్లలు, విస్తరాకులు, పళ్ళపుల్లలు తెచ్చి ఇచ్చేది. అలా తిరిగి తిరిగి సగం తెలుగు, సగం హిందీ కలిపి మాట్లాడేది. మొగుడు లేడు. ఒక్కడే కొడుకు, ఇటుకల బట్టీలో పని. ఎండాకాలం అడవికి వెళ్ళొస్తే నాకు తునికి పళ్ళు తెచ్చేవాడు. అతను నవ్వితే పక్కపన్ను ఒకటి బయటికి వచ్చేది. నేను చెప్పబోయే ఎండాకాలానికి రెండేళ్ళ ముందు, వానాకాలంలో జ్వరం వచ్చి ఆరు రోజుల్లో పోయాడు.

కొడుకు పోయాక ఆమె మా ఇంటికి ఎక్కువ రావడం మొదలుపెట్టింది. నేను కూడా బడి అవగానే ఆమె అరుగు మీదే. అక్కడే హండియా, అంటే వాళ్ళ బియ్యపు కల్లు, కాయడం చూశాను. కాయడం అనకూడదు, దానికి నిప్పుతో పని అన్నం వండే దాకానే. ఉప్పుడు బియ్యం పలుకుగా వండి, చాప మీద పరిచి, చెయ్యి పెడితే చుర్రుమనకుండా ఆరనిచ్చేది. తర్వాత రాను పొడి చల్లి కలిపేది. రాను అంటే అడవి వేళ్ళు దంచి బియ్యప్పిండిలో కలిపి చేసిన ఉండలు. పాత ఉండ పొడి చల్లితేనే కొత్త ఉండకి తెల్లటి బూజు పట్టి ప్రాణం వస్తుంది. అలా ఆమె అత్తగారి అత్తగారి నాటి నుంచి ఒకదాని నుంచి ఒకటి వస్తున్న రాను అది. మా అమ్మ చెంబుడు తరవాణి లాంటిదే. కలిపిన అన్నాన్ని కుండలో అదిమి, సాల ఆకులు కప్పి, చుట్టూ గడ్డి చుట్టి మూల పెట్టేది. ఒక్క చుక్క నీళ్ళు పొయ్యదు. రెండు మూడు రోజులకి పండిన పనసపండు వాసన వచ్చేది. అప్పుడు నీళ్ళు పోసి, చేత్తో పిసికి, వడగట్టి ఆకు దొన్నెల్లో పోసేది. పలచటి మజ్జిగలా ఉండేది.

రాను ఉండలు ఆరబెట్టిన చేటలోంచి ఒకటి, చలిమిడి ఉండ అనుకుని దొంగతనంగా కొరికాను ఒకసారి. వేపాకు నమిలినా అంత చేదు ఉండదు. నేను ఉమ్మేస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే బుడియమ్మ గోడ పట్టుకుని నవ్వింది. పిప్పి పారబోస్తే మా కోళ్ళు తిని, నడవలేక ఒక దాని మీద ఒకటి పడేవి. మా పుంజు మిట్టమధ్యాహ్నం కూసేది. "నీ కోడి పుంజు మీ నాన్న కంటే మొనగాడు, తాగి కూడా డ్యూటీ చేత్తాడు," అని పక్కింటి మామ వేళాకోళం చేసేవాడు.

ఎవరికి దొన్నె ఇచ్చినా, తాను తాగినా, ముందు నాలుగు చుక్కలు నేల మీద వదిలి ఏదో గొణిగేది. ఎవరికని అడిగాను. "పాత వాళ్ళకి. నా కొడుక్కి," అంది మామూలుగా, కొడుకు లోపల గదిలో భోంచేస్తున్నాడన్నంత మామూలుగా. తర్వాత చెప్పింది. వాళ్ళ ప్రతి ఇంట్లో ఒక చీకటి గది ఉంటుంది, ఆదింగ్ అంటారు. ఆ ఇంట్లో పోయినవాళ్ళు అందులో ఉంటారు. బయటివాళ్ళు ఆ గడప దాటకూడదు. కొడుకు పోయాక అతని నీడని ఇంట్లోకి పిలిచారట. ఆదింగ్ నేల మీద బూడిద పరిచి, బుట్ట బోర్లించి, బయట నిలబడి పేరు పెట్టి పిలిచారు. వచ్చి బుట్ట తీస్తే బూడిదలో సన్నటి గీత ఉంది, చీమ నడిచినంత. "ఆ గయా మేరా బేటా," వచ్చేశాడు నా కొడుకు, అని ఆమె నాకు చెబుతూ అరచేతిలో ఆ గీత గీసి చూపించింది. ఆ ముఖం చూసి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ ఎండాకాలం బస్తీ తీసేస్తారని కబురు వచ్చింది. అక్కడ రోడ్డు, కొత్త క్వార్టర్లు కడతారట. నాన్న సంతోషంగా వచ్చి చెప్పాడు, క్వార్టర్ల జాబితాలో తన పేరు ఉందని. "రెండు గదులు, కరెంటు, నల్లా, సిమెంటు నేల," అని వేళ్ళు మడిచి చెప్పాడు. అమ్మ కుంపటి మీద పప్పు కలుపుతూ, "మరి ఆళ్ళెక్కడికెల్తారు?" అంది. "నది అవతల జాగా ఇత్తారట. మనకేటి, పైనుంచి వచ్చిన ఆర్డరు," అన్నాడు నాన్న. ఆయన చెడ్డవాడు కాదు. పన్నెండేళ్ళు పొగ చూరిన ఒంటి గదిలో ఉన్నవాడు ఆ మాట కాక ఇంకేం అంటాడు.

బస్తీ ఒక్కో ఇల్లే ఖాళీ అయింది. వాళ్ళ పెంకులు, వాసాలు లారీలెక్కాయి. కూల్చే మనుషులు వచ్చి ఖాళీ ఇళ్ళలో దిగారు. బుడియమ్మ ఇల్లు ఆఖరుది. ఆమెకి గోడల బెంగ లేదు, గోడలు మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆమె బెంగంతా ఆదింగ్‌లో ఉన్న కొడుకు. ఇల్లు మారుతుంటే లోపలివాళ్ళకి చెప్పాలట. ఆ ఇంటి బియ్యంతో, ఆ ఇంటి రానుతో చేసిన హండియా పోసి, కుటుంబంలో పెద్దవాడు చెప్పాలి. అప్పుడు బూడిదలో గుర్తు పడుతుంది, ఆ బూడిద మూట కట్టుకుని వెళ్తే వాళ్ళు వెంట వస్తారు. "చెప్పకపోతే?" అన్నాను. "వాళ్ళకేం తెలుసు? ఇక్కడే కూచుంటారు. ఎదురు చూస్తారు," అంది.

ఆమె పొలం అంతకు ముందే పోయింది. ఆ పొలంలో పండిన ఆఖరి బియ్యం కుండడు దాచింది. రాను ఉండలు మూడు మిగిలాయి. మూడూ కలిపేసింది. పెద్దవాడంటే ఆమె బావగారు, నదికి ఆవల ఏదో ఊళ్ళో ఉన్నాడు. నడిచి వెళ్ళి తీసుకురావడానికి రెండు రోజులు పడుతుంది. మూడో రోజు మధ్యాహ్నానికి లారీ వస్తుంది. లెక్క సరిపోయింది. కుండ ఎక్కడ ఉంచాలన్నదే చిక్కు. ఇంట్లో ఉంచితే కూల్చే మనుషులు తాగేస్తారు. అందుకని మా ఇంటికి తెచ్చింది.

అమ్మ మాట్లాడకుండా మా పొయ్యి వెనక వెచ్చటి మూల చూపించింది. బుడియమ్మ గడ్డి సర్ది, కుండని పసిబిడ్డని దించినట్టు దించింది. నా గడ్డం పట్టుకుని, "సో రహా హై, బేటీ. అన్నం పడుకుంది. లేపకు," అంది. సాయంత్రం నాన్న వచ్చి వాసన పట్టాడు.

"ఏటిది? సారా కుండ ఇంట్లో ఎట్టీసావేటి? తాటిసెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. లైనులో నా పరువేటవ్వాల?"

"సారా కాదు. ఆవిడ కొడుకు కుండ," అంది అమ్మ. "రెండు రోజులు. నోరు మూసుకుని తరవాణి తాగండి."

నాన్న నోరు మూసుకుని తరవాణి తాగాడు.

మర్నాడు అగ్రికో కాలనీలో ఉండే మా పిన్నికి పురుడు వచ్చింది. అమ్మ పొద్దున్నే వెళ్తూ, "పొయ్యి కాడ జాగర్త. గంజి మన కుండలో పొయ్యడం మరిసిపోకు. బుడియమ్మ కుండ జోలికెల్లకు," అంది. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? కానీ వడగాలి మొదలైంది. పెంకుల కింద ఇల్లు పెనంలా కాలుతోంది. అన్నం వార్చి మా కుండలో గంజి పోశాక, పక్కనున్న ఆ కుండ మీద కన్ను పడింది. గడ్డి ఎండిపోయింది. ఆకులు ముడుచుకున్నాయి. ఒక్క ఆకు తొలగించి చూశాను. లోపల అన్నం పొడిపొడిగా, బీటలు తీసి ఉంది. తడి లేదు. బుడియమ్మ చుక్క నీళ్ళు పొయ్యదని తెలుసు, కానీ ఈ వడగాలి సంగతి ఆమెకేం తెలుసు. కుండ ఎండిపోతే చచ్చినట్టే కదా. బుడియమ్మ కొడుకు కుండ మా ఇంట్లో, నా కళ్ళ ముందు ఎండి చచ్చిపోతోంది అనుకున్నాను.

నేను చేసింది ఇప్పటికీ పూసగుచ్చినట్టు గుర్తుంది. మిగిలిన గంజి వేడివేడిగా ఉంది, అది మొత్తం పోశాను. గుప్పెడు ఉప్పుకల్లు వేశాను, ఎండ కదా అని రెండింతలు. నిమ్మాకులు మూడు తుంచి వేశాను. గరిటెతో కలియబెట్టాను. పడుకున్నదాన్ని లేపద్దంది కదా అని మెల్లిగా కలిపాను. మళ్ళీ ఆకులు కప్పి, గడ్డి సర్ది, ఎంత మంచి పని చేశానో అని గర్వపడ్డాను. అమ్మ వచ్చాక చెప్పలేదు. బుడియమ్మ వచ్చి మూత తీసి, ఎవరమ్మా ఇంత బాగా చూసుకుంది అని అడిగితే అప్పుడు చెబుదామని దాచుకున్నాను. నన్నే అడిగి ఉంటే బాగుండును, తిట్టి ఉంటే ఇంకా బాగుండును.

మూడో రోజు పొద్దున్న బుడియమ్మ వచ్చింది. వెంట బావగారు, తెల్ల పంచె కట్టిన ముసలాయన, ఇంకో ఇద్దరు బంధువులు. కుండ ఎత్తుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళారు. నేనూ అమ్మా వెనకాలే వెళ్ళి వాకిట్లో నిలబడ్డాం. ఆమె అరుగు మీద కూర్చుని గడ్డి విప్పింది, ఆకులు తీసింది. పనసపండు వాసన రాలేదు. ఏ వాసనా రాలేదు, తడిసిన గోనెసంచి వాసన తప్ప. చెయ్యి ముంచి, పిడికెడు అన్నం తీసి పిండింది. నాలిక మీద పెట్టుకుంది. ఇంకోసారి చెయ్యి ముంచి తీసింది. ఈసారి వేళ్ళ మధ్య నిమ్మాకు వచ్చింది.

అమ్మ ఆ ఆకుని చూసింది. తర్వాత నన్ను చూసింది. నా ముఖంలో గర్వం ఇంకా పూర్తిగా పోలేదనుకుంటాను. అమ్మకి అంతా అర్థమైపోయింది.

"ఎవరు పోశారు?" అంది బుడియమ్మ. అరవలేదు.

"నానే పోసాను బుడియమ్మా," అంది అమ్మ. "ఎండిపోతందనుకున్నాను. మా కుండలాటిదే అనుకున్నాను. తెలీక సేసాను."

బుడియమ్మ ఆ ఆకుని తీసి అరుగు మీద పెట్టింది. "మర్ గయా," అంది. చచ్చిపోయింది అని. ముసలాయన వాళ్ళ భాషలో ఏదో కసిరాడు. అందులో దికూ అన్న మాట ఒక్కటే నాకు తెలిసింది. దికూ అంటే బయటివాళ్ళు. బయటివాళ్ళ ఇంట్లో ఎవరు పెట్టమన్నారు అని అన్నాడని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నోరు తెరిచి, నేనే అని చెప్పబోయాను. అమ్మ నా చెయ్యి వెనక్కి తిప్పి గట్టిగా నొక్కింది.

మళ్ళీ చెయ్యడానికి బియ్యం లేదు. రాను లేదు. రోజు కూడా లేదు. వేరేవాళ్ళ హండియా తెద్దామంటే బస్తీలో వేరేవాళ్ళు లేరు, ఉన్నా ఆ ఇంటిది కానిది పనికిరాదు. ముసలాయన చివరికి ఉత్త నీళ్ళతో చూద్దామన్నాడు. ఇష్టం లేకుండానే అన్నాడు. లోపల బూడిద పరిచారు, బుట్ట బోర్లించారు. ఆయన గడప దగ్గర నీళ్ళు వదిలి మాటలు చెప్పాడు. బుడియమ్మ వాకిట్లోకి వచ్చి కొడుకుని పేరు పెట్టి పిలిచింది. అప్పటిదాకా ఆమె గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. లోపలికి వెళ్ళి, బుట్ట తీసి చూసి వచ్చింది. మళ్ళీ పిలిచింది. అలా మూడుసార్లు. మూడోసారీ బూడిదలో గీత లేదు, వచ్చి అరుగు మీద కూలబడింది. లారీ హారను కొడుతూనే ఉంది. కూలీల లెక్కలు రాసే మున్షీ వచ్చి, "జల్దీ కరో, జల్దీ," అని చేతులు ఊపాడు.

వాసాలు విప్పారు, పెంకులు దించారు. బుడియమ్మ లారీ వెనక, ఇంటి వైపు తిరిగి కూర్చుంది. లారీ కదిలాక కూడా పిలుస్తూనే ఉంది. దుమ్ములో ఆమె కనిపించడం మానేశాక కూడా కాసేపు ఆ పిలుపు వినిపించింది. సాయంత్రానికి గోడలు పడగొట్టేశారు.

"నోరిప్పకు," అంది అమ్మ ఇంటికి వచ్చాక. "ఎవులడిగినా నానే పోసాను. నీ మీద ఆ మాటుండకూడదు. బతకాల్సిన గుంటవి." నేను ఏడ్చి ఏడ్చి వెక్కుతున్నాను. అమ్మ నన్ను కొట్టలేదు. మా తరవాణి కుండ ఎత్తుకెళ్ళి, పుట్టింటి నుంచి తెచ్చి అన్నేళ్ళు నడిపిందాన్ని, నూతి పక్కన బోర్లించేసింది. నాన్న మర్నాడు కొలిమి నుంచి వచ్చి, చెంబు కోసం చెయ్యి చాచి, కుండ లేని మూల చూసి ఉత్త నీళ్ళు తాగాడు. మా ఇంట్లో మళ్ళీ తరవాణి పెట్టలేదు.

మూడేళ్ళకి మాకు క్వార్టరు వచ్చింది. నాన్న చెప్పినట్టే రెండు గదులు, కరెంటు, నల్లా, సిమెంటు నేల. అంతా చదును చేసి కట్టారు కాబట్టి ఏది ఎక్కడ ఉండేదో పోల్చుకోలేకపోయాం. పాత నుయ్యి ఒక్కటి మా పెరట్లో మిగిలింది. నాన్న నేల మీద నీళ్ళు చల్లి, చెప్పులు విప్పి, కొత్త పెళ్ళికొడుకులా అటూ ఇటూ తిరిగాడు.

క్వార్టరులోకి వెళ్ళిన ఏడాదే, ఒక పొద్దుటి పూట, నేను పెరట్లో గిన్నెలు తోముతుంటే బుడియమ్మ వచ్చింది. సగానికి సగం తగ్గిపోయింది మనిషి. నెత్తి మీద చిన్న కుండ, చేతిలో బుట్ట. నన్ను చూసి, "బడీ హో గయీ," అంది. పెద్దదానివయ్యావు అని. బావగారు పోయాడట. కొడుక్కి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి తానే చెబుదామని వచ్చిందట. ఎక్కడెక్కడో అడిగి బియ్యం సంపాదించింది, ఎవరి దగ్గరో రాను సంపాదించింది. అది ఆ ఇంటిది కాదని ఆమెకి తెలుసు. అయినా మూడేళ్ళు ఆగి, ఇంక ఆగలేక వచ్చింది.

నూతి గట్టుకి వీపు ఆనించి నిలబడి, అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. పదకొండో అడుగుకి మా వెనక తలుపు వచ్చింది. ఇంకో నాలుగు అడుగులు లోపలికి చూపిస్తూ, "ఆదింగ్ అక్కడ," అంది. అక్కడ మా పొయ్యి ఉంది.

"లోపలికి రానా?" అని అడిగింది. ఒకప్పుడు ఆ చోట గడప దాటడానికి మాకు హక్కు లేదు, ఇప్పుడు ఆమె నన్ను అడిగి రావాలి. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఆమెని చూసి, చేతులు జోడించింది. తర్వాత లోపలి గదిలోకి వెళ్ళి గోడకి తిరిగి కూర్చుండిపోయింది. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు.

బుడియమ్మ మా పొయ్యి బూడిద తీసుకుంది. బొగ్గుల బూడిద, గరుగ్గా, పెళుసుగా ఉంది. కొంగులో జల్లించి మెత్తటిది నేల మీద పరిచింది. బుట్ట బోర్లించింది. కుండలోంచి హండియా తీసి పోసింది. మట్టి నేల అయితే పీల్చుకునేది. సిమెంటు మీద అది చారలు కట్టి, వాలు చూసుకుని, తూములోకి పారిపోయింది. ఆమె దాన్ని చేత్తో ఆపబోయింది, ఆగలేదు. పెరట్లోకి వెళ్ళి పేరు పెట్టి పిలిచింది. గొంతు కూడా తగ్గిపోయింది. వచ్చి బుట్ట ఎత్తి చూసింది. బూడిద ఎలా పరిచిందో అలాగే ఉంది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ అంతే.

మూడోసారి ఆమె పెరట్లోకి వెళ్ళగానే నేను బుట్ట ఎత్తాను. చూపుడువేలితో బూడిదలో సన్నటి గీత గీశాను, చీమ నడిచినంత. బుట్ట బోర్లించి, చేతులు వెనక పెట్టుకుని నిలబడ్డాను. ఆ క్షణంలో నేను చేసిన తప్పు దిద్దుకుంటున్నానని నిజంగా అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనని తర్వాత తెలిసింది.

ఆమె వచ్చి బుట్ట ఎత్తింది. గీత చూసింది. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చి, వెనక దాచుకున్న చెయ్యి ముందుకి లాగి, వేలికున్న బూడిద తన కొంగుతో తుడిచింది. మెల్లిగా, శుభ్రంగా తుడిచింది. నా నోటి దాకా వచ్చింది, గంజి పోసింది నేనే, అమ్మ కాదు, నేనే అని. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే లోపల గోడకి తిరిగి కూర్చున్న మా అమ్మ అయినా ఇటు తిరిగేది. నేను చెప్పలేదు. ఆమె వేలు వదిలేసి, "ఆ గయా," అంది నాతో, నవ్వుతూ. వచ్చాడు అని. బూడిదంతా జాగ్రత్తగా ఆకులో ఎత్తి, మూట కట్టి, గుండెలకి ఆనించుకుని వెళ్ళింది.

నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. నుయ్యి దాటాక ఆమె ఆగింది. మూట విప్పింది. ఆకు తిరగేసి, బూడిద దులిపేసి, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నా పెళ్ళయ్యే దాకా ఏడేళ్ళు ఆ పొయ్యి దగ్గర వండాను. అమ్మ ఆ వంటింట్లోనే ముసలిదైంది, తన మీద వేసుకున్న మాటని అలాగే మోసుకుని పోయింది. నాన్న రిటైరయ్యాక క్వార్టరు వదిలేశాం. తర్వాత అందులోకి ఎవరో వచ్చి ఉంటారు, వాళ్ళ తర్వాత ఇంకెవరో. ఎవరికీ ఏమీ తెలీదు. పక్కపన్ను కనిపించేలా నవ్వే ఆ కుర్రాడికి, ఇల్లు మారిందని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.